పిల్లలకి చీమల పెట్టె కొంటున్నారా? జెల్ రకం మాత్రం వద్దు

చీమల్ని పెంచుతూ బయటి నుంచి చూసే పెట్టెలు ఆన్‌లైన్‌లో ఇప్పుడు రెండు రకాలు దొరుకుతున్నాయి. ఒకటి నీలం రంగు జెల్ నింపింది, చీమలు తవ్వుకునేదీ తినేదీ ఆ జెల్‌నే, ఇంకోటి యాక్రిలిక్ పెట్టెలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో గదులు పోసింది. మా ఇంటికి రెండూ వచ్చాయి, జెల్‌ది మా తమ్ముడు పాప పుట్టినరోజుకి ఇచ్చాడు, ప్లాస్టర్‌ది మేమే తెప్పించాం. నెల్లూరు, ఒంగోలు వైపు ఉండేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, జెల్‌ది కొనకండి. లైటు వేస్తే భలే మెరుస్తుంది, పిల్లలు ఎగబడతారు, కానీ మన ఉక్కపోతకి జెల్ మీద బూజు కట్టింది. 2003లో కొలంబియా షటిల్‌లో అంతరిక్షంలోకి చీమల్ని పంపినప్పుడు జెల్ వాడారు, అది నిజమే, కానీ అక్కడ అవి కొన్ని రోజులు బతికితే చాలు. పిల్ల చీమలు పెరగాలంటే ప్రోటీన్ కావాలి, అది ఈ జెల్‌తో రాదు.

ప్లాస్టర్ పెట్టె మాత్రం నాకు నచ్చింది. గదులు ఒక పక్క, మేత వేసే చిన్న డబ్బా ఒక పక్క, మధ్యలో గొట్టం. గదుల మీద ఎర్ర కాగితం వేసి ఇచ్చారు, చీమల కళ్లకి ఎరుపు సరిగా ఆనదు కాబట్టి వాటికి చీకట్లో ఉన్నట్టే ఉంటుంది, మనకి లోపలంతా కనిపిస్తుంది. లోపం ఎక్కడంటే గాలి ఆడే జాలీ దగ్గర. రంధ్రాలు పెద్దవి, చలి చీమలు హాయిగా బయటికి వచ్చేస్తాయి. గండు చీమలకైతే సరిపోతుంది. డబ్బా అంచు లోపలి వైపు టాల్కం పౌడర్‌ని స్పిరిట్‌లో కలిపి పూసి ఆరనిస్తే చీమలు కాళ్లు జారి పైకి ఎక్కలేవు, ఇది పెట్టెతో ఇచ్చిన సూచనల కాగితంలో రాసి ఉండాల్సింది, రాయలేదు.

అసలు సంగతి వేరే ఉంది. పెట్టెతో చీమలు రావు. "మీ పెరట్లోవి పట్టి వేసుకోండి" అని రాసేశారు. అలా పట్టి వేస్తే వచ్చేవి పని చీమలు మాత్రమే, గుడ్లు పెట్టే రాణి రాదు, ఉన్నవి ఒక్కోటీ చచ్చిపోయి పెట్టె ఖాళీ అవుతుంది. మా పాప ఇది చదవకుండానే కనిపెట్టేసింది. "అమ్మా, వీళ్లందరికీ అమ్మ ఎవరు?" అంది. పిల్లలు అడగాల్సిన ప్రశ్న అదే, దానికి జవాబు చూపించలేని పెట్టె ఎందుకు?

రాణిని కొనక్కర్లేదు. వాన పడిన సాయంత్రాలు ట్యూబ్‌లైట్ చుట్టూ రెక్కల చీమలు మూగుతాయి కదా, ఆ తర్వాత రెక్కలు రాల్చుకుని ఒంటరిగా నేల మీద తిరిగే పెద్ద చీమ కనిపిస్తే, వీపు భాగం ఉబ్బెత్తుగా ఉంటే, అదే రాణి. మెడికల్ ల్యాబ్ సామాన్ల షాపులో దొరికే గాజు ట్యూబులో మూడో వంతు నీళ్లు పోసి, దూది బిగించి, రాణిని వేసి, ఇంకో దూది పెట్టి చీకట్లో ఉంచాలి. గండు చీమల రాణికి అప్పుడు మేత అక్కర్లేదు. ఇక పనికిరాని రెక్కల కండరాలే కరిగి దానికీ పిల్ల చీమలకీ తిండి అవుతాయి. వారాలు పడుతుంది. మన పిల్లలు రోజూ తీసి ఊపి చూస్తే మాత్రం రాణి తన గుడ్లు తినేస్తుంది, అక్కడ పెద్దవాళ్లు గట్టిగా ఉండాలి. బియ్యపు గింజల్లాంటి గూళ్లు కనిపించి వాటిలోంచి చీమలు వచ్చి, ఓ పాతికదాకా అయ్యాకే పెట్టెలోకి మార్చండి. ముందే మారిస్తే మిగిలిన గదులన్నీ చెత్తకుప్పలు చేస్తాయి.

మేతకి తేనె చుక్క, ఉడికిన గుడ్డు సొన, చచ్చిన బొద్దింక కాలు చాలు. మందు కొట్టి చంపిన బొద్దింక వెయ్యొద్దు. ఇంట్లో చీమల చాక్‌పీస్ గీసే అలవాటుంటే ఆ గదిలో ఈ పెట్టె ఉండకూడదు. తేనె పెట్టినప్పుడు భూతద్దం ఇచ్చి పిల్లల్ని కూర్చోబెట్టండి. గండు చీమ కదలకుండా తాగుతుంది, పొట్ట ఉబ్బి నల్లటి పలకల మధ్య లేత చారలు తేలతాయి. లోపలికి వెళ్లి ఎదురొచ్చిన చీమ నోటికి నోరు ఆనిస్తుంది, మీసాలు చకచకా కదులుతుంటాయి, తాగొచ్చింది దానికి పంచేస్తుంది. టీవీ ఆన్‌లో ఉన్నా మా పాప తల తిప్పలేదు.

ఉలవపాడు వైపు మామిడి తోటలున్నవాళ్లు కొరివి చీమల్ని ఇందులో వేద్దామని చూడకండి. కరిస్తే మంట సరే, అవి ఈ గదుల్లో ఉండేవి కావు. పిల్ల చీమల్ని నోట పట్టుకుని, వాటినుంచి వచ్చే దారంతో ఆకుల్ని కుట్టుకునే జాతి. పిల్లల్ని చెట్టు దగ్గరికే తీసుకెళ్లి చూపించండి, దూరంగా నిలబెట్టి.

మేం పెట్టెకి పెట్టింది రూ. 1,200. ప్లాస్టర్ పని బాగుంది, తడి రోజుల తరబడి ఆగుతోంది, అయినా జాలీ వల్ల 5కి 3 ఇస్తున్నా. అమ్మేవాళ్లు జాలీ సన్నది వేసి, ఒక గాజు ట్యూబు కూడా పెట్టి, రాణిని గుర్తుపట్టే బొమ్మ ఒకటి తెలుగు కాగితం మీద వేసి ఇస్తే, ఇంకో రెండొందలు ఎక్కువైనా నేను మళ్లీ కొంటాను.