మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ జెల్: చాలాకాలం వాడాక

మా అమ్మ మోకాళ్లకు ఏళ్లుగా డైక్లోఫెనాక్ జెల్ రాస్తున్నాను. పని చేస్తుందా అంటే చేస్తుంది. కాకపోతే ట్యూబు మీద ఏ కంపెనీ పేరుంది అన్నదానికన్నా ఎలా రాస్తున్నాం, ఎంత రాస్తున్నాం అన్నదే ముఖ్యం.

మాది పొదిలి దగ్గర పల్లె. అమ్మ ఎన్నో ఏళ్లు పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లింది, రోజంతా నేల మీద కూర్చునే పని. నొప్పి మాత్ర వేసుకుంటే కడుపులో మంట, దానికి తోడు బీపీ. అందుకే డాక్టరు గారు జెల్ రాశారు. మాత్రతో పోలిస్తే జెల్ నుంచి రక్తంలోకి చేరే మందు ఆరు శాతమే.

మందును అడ్డుకునేది చర్మం పైపొర. మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటే ఎక్కువ. చచ్చిన కణాలు, వాటి మధ్య కొవ్వు. నీళ్లలో మాత్రమే కరిగే మందు ఆ కొవ్వు దగ్గరే ఆగిపోతుంది. కొవ్వులో మాత్రమే కరిగేదైతే అక్కడే ఉండిపోతుంది, కింది తడి పొరల్లోకి దిగదు. అందుకే జెల్‌లో ప్రొపిలిన్ గ్లైకాల్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లాంటివి కలుపుతారు. ఆల్కహాల్ ఆవిరయ్యేకొద్దీ చర్మం మీద మందు చిక్కబడి లోపలికి దిగుతుంది. రాయగానే చల్లగా అనిపించేది ముఖ్యంగా ఆ ఆల్కహాల్ ఆవిరవడం వల్ల. అమ్మ మొదట్లో ఆ చల్లదనాన్నే మందు పనితనం అనుకునేది. మాకు అసలు తేడా తెలిసింది వదలకుండా కొన్ని రోజులు రాశాకే.

అందరూ తక్కువ చేసేది కొలత దగ్గరే. 1.16 శాతం జెల్ ఒక్కో మోకాలికి ఒక్కోసారి 2 నుంచి 4 గ్రాములు, రోజుకు మూడు నాలుగు సార్లు రాయాలి. 2 గ్రాముల లెక్కన మూడు పూటలు రాసినా 30 గ్రాముల ట్యూబు ఒక మోకాలికి అయిదు రోజులే వస్తుంది. మా వీధిలో చాలామంది ఒక ట్యూబును నెలంతా సరిపెట్టి, ఇది పనిచేయదని పక్కన పెట్టేస్తారు. ఖర్చు నిజంగానే భారం. జన ఔషధి కేంద్రంలో అడిగి చూడండి, అదే మందు తక్కువకు వస్తుంది.

అమ్మకు పడుకునే ముందు ఆముదం మర్దనా అలవాటు. నూనె కాలి మీద జెల్ రాస్తే జారిపోతుంది తప్ప ఇంకదు. ఇప్పుడు కాలు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, మోకాలి చిప్ప చుట్టూ, పక్కలా, వెనక మడతలో కూడా పరిచి, జిగురు పోయేదాకా మెల్లగా రుద్దుతాను. గంటసేపు నీళ్లు తగలనివ్వను. రాశాక గట్టిగా కట్టు కట్టడం, వేడినీళ్ల సంచి పెట్టడం చేయొద్దు. మందు ఎక్కువగా లోపలికి పోతుంది, చర్మం కూడా బొబ్బలెక్కుతుంది. రాసిన చోట ఎండ తగలకూడదు. పొలానికి వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

4 శాతం సొల్యూషన్ కూడా వాడాం. త్వరగా ఆరుతుంది, చీరకు అంటదు. అమ్మకు మాత్రం జెల్లే నచ్చింది. ప్యాచ్ మా ఎండలకు పనికిరాలేదు, మే నెలలో చెమటకు అంచులు లేచిపోయేవి, తీశాక దురద.

ఎంత ఆశించాలో కూడా చెప్పాలి. 2016లో కోక్రేన్ సంస్థ పాత పరీక్షలన్నీ కలిపి చూస్తే, ఆరు నుంచి పన్నెండు వారాలు డైక్లోఫెనాక్ రాసుకున్నవాళ్లలో పదికి ఆరుగురికి మంచి ఉపశమనం దొరికింది. మందులేని జెల్ రాసుకున్నవాళ్లలోనూ పదికి అయిదుగురికి దొరికింది. తుంటి, నడుము నొప్పులకైతే నేను చెప్పను. ఆ కీళ్లు చాలా లోతులో ఉంటాయి, మందు అంతదాకా చేరడం కష్టం.

రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. కనిగిరి, దర్శి, పొదిలి వైపు వాళ్లకు ఇంకో మాట. మన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల కూడా కీళ్లు బిగుసుకుంటాయి. అలాంటప్పుడు ట్యూబులు మారుస్తూ కూర్చోకుండా ముందు ఎక్స్‌రే తీయించండి, తాగే నీళ్లు మార్చండి.