క్రాకెన్ ఎస్‌డీఆర్ సమీక్ష: సాకెట్ దాటిన కేబుల్ బాధ్యత మనదే

తిరుపతిలో మా మిద్దె మీద క్రాకెన్ ఎస్‌డీఆర్‌ను, అంటే ఐదు రిసీవర్లున్న సాఫ్ట్‌వేర్ రేడియో పెట్టెను, రెండేళ్లుగా వాడుతున్నాను. రేడియో సంకేతం ఏ దిక్కు నుంచి వస్తున్నదో కనిపెట్టడం నా ప్రధానమైన పని. ఐదు యాంటెనాలకు చేరిన తరంగం ఫేజ్‌లో (చక్రంలో అది ఏ దశలో ఉందన్నదానిలో) ఉన్న తేడాలను బట్టే ఆ దిక్కు తెలుస్తుంది. పెట్టె మీద నాకు పెద్ద ఫిర్యాదులేమీ లేవు. నన్ను సతాయించినవి దానికి బిగించిన ఐదు యాంటెనా కేబుళ్లే.

ఇందులోని ఐదు రిసీవర్లూ ఒకే క్లాక్ మీద నడుస్తాయి. అయినా ఫ్రీక్వెన్సీ మార్చిన ప్రతిసారీ ఒక్కో ట్యూనర్ ఒక్కో ఫేజ్‌లో నిలుస్తుంది కాబట్టి, లోపలే ఉన్న నాయిస్ సోర్స్ పుట్టించే రొదను ఐదింటికీ ఒకేసారి అందించి, వాటి మధ్య తేడాను సాఫ్ట్‌వేర్ సరిచేసుకుంటుంది. ఇంతకుముందు రెండు విడి రేడియోలకు 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ (ఉమ్మడి క్లాక్ సంకేతం) ఇచ్చి తంటాలు పడ్డాను గనుక దీని విలువ నాకు తెలుసు. అప్పట్లో రిఫరెన్స్ కేబుళ్లను సరిసమానంగా కోసిన శ్రమంతా, ట్యూన్ చేసిన ప్రతిసారీ ఫేజ్ మారిపోతుండడంతో బూడిదలో పోసిన పన్నీరయింది.

అయితే ఈ సవరింపు పెట్టె మీది యాంటెనా సాకెట్ దగ్గరే ఆగిపోతుంది; బయటి కేబుళ్లలో వచ్చే తేడా దానికి తెలియదు. నేను వాడే ఆర్‌జీ-58 కేబుల్‌లో సంకేతం కాంతి వేగంలో దాదాపు 66 శాతంతో, అంటే మీటరుకు సుమారు 5 నానోసెకన్ల చొప్పున ప్రయాణిస్తుంది. 145 మెగాహెర్ట్జ్ వద్ద ఒక్క సెంటీమీటరు తేడా 2.6 డిగ్రీల ఫేజ్‌తో సమానం.

మొదటి వర్షాకాలంలో ఒక కనెక్టర్‌లోకి నీరు దిగితే, అదే 2 మీటర్ల కేబుల్ ఇంకొకటి కొని తగిలించాను. టేపుతో కొలిస్తే పొడవు సరిగ్గానే ఉంది, కానీ తెలిసిన స్టేషన్ల దిక్కులన్నీ తప్పుగా రాసాగాయి. ఒక కొసను తెరిచి ఉంచి, రెండో కొసను నానోవీఎన్‌ఏకు (కేబుళ్లను, యాంటెనాలను పరీక్షించే చిన్న పరికరానికి) బిగించి చూడగా, పాతవి నాలుగూ 24.7 మెగాహెర్ట్జ్ వద్ద షార్ట్‌లా కనిపిస్తే, కొత్తది 30 వద్ద కనిపించింది. అంటే పొడవు ఒకటే అయినా కొత్తదానిలో సంకేతం వేగంగా పోతున్నదన్నమాట. కనెక్టర్ కోసి చూస్తే, పాతవాటిలో గట్టి పాలిథీన్ ఉండగా, కొత్తదానిలో గోటితో నొక్కితే అణిగిపోయే నురగ ప్లాస్టిక్ ఉంది. అందులో సంకేతం సుమారు 80 శాతం వేగంతో పోతుంది. 145 మెగాహెర్ట్జ్ వద్ద ఆ తేడా దాదాపు 92 డిగ్రీలు! దుకాణదారు రెండూ ఒకటేనన్నాడు, నేనూ అడగలేదు.

అప్పటి నుంచి రిసీవర్‌ను మెట్ల గదిలోనే ఉంచి, యాంటెనా కేబుళ్లు ఐదింటినీ ఎండ వేడి ఒక్కోదానికి ఒక్కోలా తగలకుండా ఒకే దారిలో, పిట్టగోడ నీడన తెస్తున్నాను. కిందికి దిగే ఈథర్‌నెట్ తీగ ఎంత పొడవున్నా బాధ లేదు, ఎందుకంటే అప్పటికే సంకేతం అంకెలుగా మారిపోయి ఉంటుంది. ఈ ఏడాది ఐదు కేబుళ్లనూ ఒకే చుట్ట నుంచి కోయించుకున్నాను. మిగిలిన ముక్కను కూడా అదే కొలతకు క్రింప్ చేసి, నానోవీఎన్‌ఏతో సరిచూసి, మెట్ల గదిలో మేకుకు తగిలించి ఉంచాను.