రష్యా పల్లె జిల్లాకు ఏది మేలు: ఊరికో కౌన్సిలా, జిల్లాకంతా ఒకటేనా?

2025 మార్చిలో రష్యా స్థానిక పాలనకు కొత్త చట్టం తెచ్చింది. పైన జిల్లా, కింద గ్రామ కౌన్సిళ్లు ఉండే రెండంచెల పద్ధతి తీసేసి, జిల్లా మొత్తాన్నీ ఒకే పాలకవర్గం కింద 'మున్సిపల్ ఓక్రుగ్'గా మార్చాలన్నది మొదటి ఆలోచన. టాటర్‌స్తాన్ లాంటి రిపబ్లిక్‌లు (రష్యాలో మన రాష్ట్రాల్లాంటివి) గట్టిగా అభ్యంతరం చెప్పడంతో, కావాలనుకున్న ప్రాంతాలు పాత పద్ధతిలోనే ఉండొచ్చని వెసులుబాటు ఇచ్చారు. మరి పల్లెవాళ్లకు ఏది మేలు? జిల్లాని బట్టి అని నా అభిప్రాయం.

పెర్మ్ ప్రాంతంలో ఉత్తరాన ఉన్న చెర్దిన్ జిల్లా సంగతి చూడండి. విస్తీర్ణం దాదాపు 20,900 చదరపు కిలోమీటర్లు, అంటే విడిపోకముందు మన అనంతపురం జిల్లా కన్నా పెద్దది. జనం మాత్రం 20 వేలకు అటూ ఇటూ. రైలు సొలికామ్స్క్ పట్టణం దాకానే వస్తుంది, అక్కణ్ణుంచి వంద కిలోమీటర్లు రోడ్డు మీదే పోవాలి. చుట్టూ అడవి. రష్యాలో గ్రామ కౌన్సిల్‌కి సొంత ఆదాయమంటే ముఖ్యంగా భూమి పన్ను, ఇంటి పన్ను. ప్రభుత్వ అటవీ భూమికి భూమి పన్నే లేదు. ఇక కౌన్సిల్ ఎలా బతుకుతుంది? పైగా 2014లోనే నీళ్లు, హీటింగ్ లాంటి పెద్ద పనులు గ్రామాల నుంచి జిల్లాకి వెళ్లిపోయాయి. 2019లో చెర్దిన్ ఒకే అంచెకి మారింది. జీతాలకే సరిపోని చిన్న చిన్న బడ్జెట్లు పెట్టుకుని కూర్చోవడం కన్నా అదే నయం.

టాటర్‌స్తాన్‌లోని ఆర్స్క్ జిల్లా పరిస్థితి వేరు. 1,840 చదరపు కిలోమీటర్లలోనే సుమారు 50 వేల మంది. ఊళ్లు దగ్గర దగ్గర, పొలాలు, పాడి, రాజధాని కజాన్‌కి నేరుగా రైలు. టాటర్‌స్తాన్ పల్లెల్లో నాకు బాగా నచ్చిన పద్ధతి స్వచ్ఛంద పన్ను. ఊరంతా రెఫరెండంలో ఓటేసి, తలా కొన్ని వందల రూబుళ్లు వేసుకుంటారు. జనం ఇచ్చిన ప్రతి రూబుల్‌కీ రిపబ్లిక్ నాలుగు రూబుళ్లు కలుపుతుంది. బ్యాలెట్ మీదే పనులు రాసి ఉంటాయి: ఏ వీధికి కంకర, ఎక్కడ దీపాలు, శ్మశానానికి కంచె. ఆ డబ్బు గ్రామ బడ్జెట్‌లోకే వస్తుంది, పని జరిగిందో లేదో ఊళ్లో అందరికీ కనిపిస్తుంది. ఇలాంటి చోట గ్రామ కౌన్సిల్‌ని ఎత్తేయడం అన్యాయం.

ఒకే అంచెతో ఖర్చు తగ్గుతుందనేవాళ్లు ఇంకో సంగతి కూడా చూడాలి. రెండొందల మంది ఉన్న ఊరికి ఓక్రుగ్ డూమాలో (ఎన్నికైన కౌన్సిల్‌లో) సొంత సభ్యుడు దొరకడం కష్టం. 2018 నుంచి చట్టంలో 'స్తారోస్తా' అనే ఊరిపెద్ద ఉన్నాడు గానీ, అతనికి జీతమూ లేదు, ఖర్చు పెట్టే అధికారమూ లేదు. రోడ్డు మీద మంచు పేరుకుపోతే అతను కూడా ఫోన్ చేసి అడగాల్సిందే.

అందుకే, ఊళ్లు దగ్గరగా ఉండి, జనం సొంతంగా డబ్బు వేసుకోగలిగిన చోట రెండంచెలే ఉంచాలి. చెర్దిన్ లాంటి అడవి జిల్లాలో ఒకే అంచె సరే, కానీ దూరపు ఊళ్లలో ఓక్రుగ్ శాఖా కార్యాలయం తెరిచే ఉండాలి. అక్కడి ఉద్యోగికి ట్రాక్టర్ అద్దెకి, డీజిల్‌కి సొంతంగా ఖర్చుపెట్టే వీలుండాలి.