ఇత్తడి బర్నర్ల గ్యాస్ స్టవ్: అయిదారేళ్లు వాడాక

అనంతపురంలో మా ఇంట్లో పొద్దున రాగి సంగటి, రాత్రి జొన్నరొట్టె. ఈ రెండింటికీ తట్టుకుంటేనే స్టవ్ మంచిదని నా లెక్క. గాజు పలక మీద మూడు ఇత్తడి బర్నర్లున్న ఈ స్టవ్ ఇన్నేళ్లూ తట్టుకుంది. తెడ్డు పెట్టి సంగటి గెలుకుతున్నా గిన్నె జరగదు, స్టాండ్లు అంత గట్టివి. పెద్ద బర్నర్ మంట రొట్టె పెనానికి అంచుల దాకా అందుతుంది. మధ్య బర్నర్ మాత్రం దండగ. రెండు పక్కలా గిన్నెలు పెడితే అక్కడ ఇంకోటి పట్టదు.

జెట్‌లోంచి, అంటే బర్నర్ కింద గ్యాస్ వదిలే సన్న రంధ్రపు ముక్కలోంచి, దూసుకొచ్చే గ్యాస్ దారిలో గాలిని లాక్కుని, రెండూ కలిసి బర్నర్ రంధ్రాల దగ్గర మండుతాయి. గాలి సరిపడా అందితే మంట నీలంగా ఉంటుంది. చాలకపోతే పసుపుపచ్చగా మారి గిన్నెల అడుగు మసి పడుతుంది. పాలు పొంగితే ఒక పక్క రంధ్రాలు పూడుకుపోతాయి, ఇక రొట్టె ఒకవైపు మాడుతుంది, ఇంకోవైపు పచ్చిగానే ఉంటుంది. అప్పుడు చల్లారిన బర్నర్‌ను సబ్బునీళ్లలో నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్ది, రంధ్రాల్లో సూది ఆడించి, బాగా ఆరబెట్టి పెడతాను. ఇత్తడి కాబట్టి ఇన్నిసార్లు కడిగినా చెక్కుచెదరలేదు. జెట్‌లో మాత్రం సూది పెట్టొద్దు, దాని రంధ్రం పెద్దదైతే మంట పాడవుతుంది. అది మెకానిక్ పని. బర్నర్ గాడిలో సరిగా కూర్చోకపోతే మంట లోపలికి పోయి జెట్ దగ్గరే భుస్సుమని మండుతుంది. వెంటనే నాబ్ కట్టేయాలి.

దీన్ని లైటర్‌తోనే వెలిగించాలి. ముందు లైటర్ బర్నర్ దగ్గర పెట్టి, ఆ తర్వాతే నాబ్ నొక్కి తిప్పాలి. అంటుకోకపోతే నాబ్ కట్టేసి, వాసన పూర్తిగా పోయేదాకా ఆగాలి. వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేల వెంబడి పరుచుకుంటుంది.

నన్ను బాగా టెన్షన్ పెట్టే లోపం ఒకటుంది. మంట ఆరితే గ్యాస్ దానంతట అది ఆగే ఏర్పాటు ఇందులో లేదు. ఆషాఢం గాలికి కిటికీ తెరిచి ఉంటే సిమ్‌లో పెట్టిన మంట ఇట్టే ఆరిపోతుంది. అందుకే పొయ్యి వెలుగుతుంటే ఎవరో ఒకరం వంటింట్లోనే ఉంటాం. గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు ముట్టకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తీసి, బయటికి వచ్చి గ్యాస్ లీకుల ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చేయాలని పిల్లలకూ నేర్పాం. నారింజరంగు సురక్షా పైపు అయిదేళ్లు నిండగానే మార్చేశాం.

మళ్లీ కొంటే ఇత్తడి బర్నర్లే, కానీ రెండు చాలు. ధర కాస్త ఎక్కువైనా మంట ఆరితే గ్యాస్ ఆగిపోయే రకమే తీసుకుంటాను.