గురజాడ ముందా, రాయప్రోలు ముందా?

తొమ్మిదో తరగతికి దేశభక్తి కవిత్వం మొదలుపెట్టాలంటే నా ముందు రెండు గేయాలుంటాయి. ఒకటి 1910లో గురజాడ రాసిన ‘దేశమును ప్రేమించుమన్నా’. రెండోది రాయప్రోలు సుబ్బారావు ‘ఏ దేశమేగినా’.

రాయప్రోలుది పాడుకోవడానికి హాయి. ఎక్కడికెళ్లినా తల్లినేలను పొగడమంటాడు. పిల్లలు రెండు రోజుల్లో అప్పజెప్పేస్తారు. చిక్కల్లా అర్థం దగ్గరే. ‘ఎందుకాలిడినా’ అన్న మాటను సగం క్లాసు ‘ఎందుకు’ అని విడగొట్టేస్తుంది. ఎందు, కాలు, ఇడినా అని బోర్డు మీద విడదీసి రాస్తే అప్పుడు ‘ఓహో, ఎక్కడ అడుగు పెట్టినా అనా!’ అంటారు. సంధి పాఠం ఉచితం అన్నమాట.

గురజాడతో ఆ ఇబ్బంది తక్కువ. ‘తిండి కలిగితే కండ కలదోయ్’ అనగానే వెనక బెంచీ నవ్వుతుంది. నవ్వనివ్వండి. దేశభక్తి గేయంలో తిండి గొడవేంటి అని ఎవరో ఒకరు అడుగుతారు, అక్కడే అసలు పాఠం మొదలవుతుంది. దేశమంటే మట్టి కాదు, మనుషులు అన్నాక ఆ మనుషుల ఆకలి మాట్లాడకుండా ఎలా? ఊరికే గొప్పలు చెప్పుకోవద్దనీ, పొరుగువాడికి తోడుపడమనీ కూడా అందులోనే ఉంది. ఒక పీరియడ్ చాలదు.

ఆగస్టు 15న స్టేజీ మీద పాడించాలంటే రాయప్రోలే. క్లాసులో వాదించుకోవాలంటే మాత్రం నా ఓటు గురజాడకే, పరీక్షలో ఏది వస్తుందన్న టెన్షన్ కాసేపు పక్కన పెడితే.