డైనోసార్ బొమ్మలు డెల్టా ఎండకు, చెమ్మకు ఎంతవరకు నిలుస్తాయి: ఏళ్ల తరబడి వాడాక సమీక్ష

ఏడాది చివరికి వచ్చేసరికి కొత్త బొమ్మల ఫొటోలు మొదలవుతాయి. కలెక్టా లాంటి సంస్థలు వచ్చే ఏటి జంతువులను ఒక్కొక్కటిగా బయటపెడతాయి. జనవరి చివర్లో జర్మనీలోని న్యూరెంబర్గ్ బొమ్మల ప్రదర్శన నాటికి మిగతావాళ్లవీ చాలావరకు తెలిసిపోతాయి. పీఎన్‌ఎస్‌ఓ, హౌలాంగ్‌గుడ్ లాంటి చైనా సంస్థలకు ఈ సీజను పట్టింపు లేదు, ఎప్పుడు పడితే అప్పుడు కొత్తవి చూపిస్తాయి. ఆ ఫొటోల్లో చెక్కడం, రంగు, నోట్లో పళ్లు చూసి అందరం ముచ్చటపడతాం. రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా ఉన్నవాళ్లు మాత్రం వాటికంటే ముందు పాదాలు చూడాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు ఆ పాదాల మీద ఆ బరువు నిలుస్తుందా లేదా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ఈ బొమ్మల్లో ఎక్కువ భాగం పీవీసీ అనే ప్లాస్టిక్. పీవీసీ పుట్టుకతో గట్టిది, పెళుసుది. దానికి మెత్తదనం రావడానికి నూనెలాంటి మెత్తబరిచే రసాయనం కలుపుతారు. అది ఎక్కువైతే బొమ్మ కిందపడినా విరగదు, కానీ వేడికి తొందరగా లొంగుతుంది. తక్కువైతే నిటారుగా నిలబడుతుంది, కానీ సన్నటి తోక కొస, కొమ్ము చివర పుటుక్కున విరుగుతాయి. దీన్ని తూచి చెప్పే కాగితం ఏ డబ్బాలోనూ ఉండదు. చీలమండ దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కితే తెలుస్తుంది: అక్కడ తేలిగ్గా వంగిందంటే ఆ బొమ్మ మే నెల దాటేలోపు ముందుకు ఒరుగుతుంది.

రెండు కాళ్ల మాంసాహారులే అన్నిటికంటే కష్టం. టైరనోసారస్, అలోసారస్, కార్నోటారస్ ఏదైనా సరే, పెద్ద తల ముందుకు, తోక వెనక్కి తూకం వేసినట్టు ఉంటాయి. భారమంతా రెండు సన్నటి చీలమండల మీద పడుతుంది. గది వేడి 38 డిగ్రీలు దాటి వారాల తరబడి అలాగే ఉంటే చీలమండ రోజుకు వెంట్రుకవాసి చొప్పున వంగుతుంది. కంటికి తెలియదు. పక్కనున్న బొమ్మకు మూతి తగిలాకే తెలుస్తుంది. ఒకటి ఒరిగితే అరలో వరసంతా పడిపోతుంది, రంగు రాలిపోయేది అప్పుడే. పై అంతస్తులో డాబా కింద గదైతే రాత్రి కూడా శ్లాబు వేడి దిగదు కాబట్టి అక్కడ ఇంకా తొందరగా ఒరుగుతాయి.

పాతకాలపు బొమ్మలకు ఈ బాధ తక్కువ. సఫారీ సంస్థ 1988 నుంచి 2015 దాకా తెచ్చిన కార్నెగీ వరసలో మొదట్లో వచ్చిన టైరనోసారస్ తోకను నేలకు ఆనించి మూడు కాళ్ల పీటలా నిలబడుతుంది. ఏ ఎండకూ కదలదు. అయితే ఆ నిలుపు శాస్త్రరీత్యా తప్పు, తోక గాలిలో ఉండేదని ఇప్పుడు అందరికీ తెలుసు. తోక పైకి లేచినకొద్దీ మనకు ఆసరా అవసరమైంది. పీఎన్‌ఎస్‌ఓ రెండు కాళ్ల బొమ్మల్లో చాలావాటితో పారదర్శకమైన ఊతకర్ర వస్తుంది. దాన్ని డబ్బాలో వదిలేయకుండా మొదటి రోజు నుంచే పెట్టాలి. ఊత రాని బొమ్మకు 5 మిల్లీమీటర్ల అక్రిలిక్ కడ్డీని తొడల మధ్య పొట్టకు ఆనేంత ఎత్తుకు కోసి, 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ పలకకు అతికిస్తే సరిపోతుంది. నేమ్‌ప్లేట్లు చేసే దుకాణంలో ఈ పని చేసిపెడతారు. కడ్డీ కొన నేరుగా బొమ్మకు తగలకూడదు, మధ్యలో చిన్న నూలుగుడ్డ ముక్క ఉండాలి. పీవీసీలోంచి ఊరే నూనె ఏళ్లు గడిచేకొద్దీ అక్రిలిక్‌ను మసకబారుస్తుంది. థర్మోకోల్‌ను అయితే ఏకంగా కరిగించి బొమ్మకు అంటిస్తుంది, అందుకే థర్మోకోల్‌లో నేరుగా దాచడం వద్దే వద్దు.

ఒరిగిన బొమ్మను నిలబెట్టవచ్చు. రెండు గ్లాసుల మరిగే నీళ్లకు ఒక గ్లాసు మామూలు నీళ్లు కలిపితే వేడి 75 డిగ్రీల దగ్గరికి వస్తుంది, అంతే కావాలి. సలసల కాగే నీళ్లలో ముంచితే రంగు పొంగుతుంది, అతుకుల జిగురు వదులుతుంది. మోకాలి దాకా మాత్రమే ముంచి ఒకటిన్నర నిమిషం ఉంచండి. తీసి, కావలసిన దానికంటే కాస్త వెనక్కి వంచండి, ఎందుకంటే చల్లారేటప్పుడు కొంత ముందుకు వస్తుంది. అలాగే పట్టుకుని ఐసు వేసిన నీళ్లలో మూడు నిమిషాలు ఉంచాలి. రెండు పాదాలూ సమంగా ఉన్నాయో లేదో గాజు పలక మీద నిలబెట్టి, కింద కాగితం దూర్చి చూస్తే తెలుస్తుంది. కాగితం ఏ వేలి కింద దూరితే ఆ వేలిని మళ్లీ దించాలి. కాళ్లలో తీగ ఉన్న బొమ్మలకు ఈ పద్ధతి పనికిరాదు, తీగ వంగి లోపల పీవీసీని చీలుస్తుంది. ఈ మరమ్మతు ఒక వేసవి వరకే అనుకోండి. ఊత పెట్టకపోతే మళ్లీ అదే చోట వంగుతుంది.

నాలుగు కాళ్ల జంతువులతో చాలా సుఖం. ట్రైసెరటాప్స్, స్టెగోసారస్, యాంకిలోసారస్, మామత్ వీటిలో లోపల బోలు లేకుండా గట్టిపోత పోసినవి ఎన్ని ఎండలు చూసినా కదలవు. ఈయోఫానా వాళ్ల ఏనుగు జాతి బొమ్మలను డెల్టాలో కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్లకు నిస్సంకోచంగా చెబుతాను. పొడవు మెడ సారోపాడ్లది వేరే సంగతి. బరువు తగ్గించడానికి లోపల బోలుగా పోస్తారు, మెడ మొదట్లో, తోక మొదట్లో అతుకు ఉంటుంది. కడిగినప్పుడు ఆ సందులోంచి నీళ్లు లోపలికి పోతే మళ్లీ బయటికి రావు, వారం తర్వాత అతుకు వెంబడి నల్లటి బూజు గీత కనబడుతుంది. బోలు బొమ్మను ముంచకూడదు, తడిగుడ్డతో తుడవడమే.

ముసురు పట్టే నెలల్లో ఎండ బెడద పోయి చెమ్మ బెడద వస్తుంది. బూజు ఎక్కువగా పీవీసీ మీద చేరిన దుమ్మునీ చేతి జిడ్డునీ తింటుంది. అందుకని జూన్ రాకముందే ఒకసారి అన్నిటినీ కడిగి పెట్టుకోవడం మంచిది. గోరువెచ్చని నీళ్లు ఒక లీటరు, గిన్నెలు తోమే ద్రవం నాలుగు చుక్కలు, మెత్తటి టూత్‌బ్రష్ చాలు. ఆఖరుగా కడిగే నీళ్లు మాత్రం తాగే నీళ్ల క్యానువి కావాలి. రాజోలు, మలికిపురం వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక పొలుసుల గాడుల్లో తెల్లటి చారలు మిగిలిపోతాయి. ముదురు రంగు బొమ్మల మీద అవి బూజేమో అనిపిస్తాయి. ఫ్యాను కింద ఒక రాత్రి ఆరబెట్టండి, ఎండలో వద్దు. స్పిరిట్, శానిటైజర్, థిన్నర్ దగ్గరికి కూడా రానివ్వకండి, రంగు గుడ్డకు వచ్చేస్తుంది.

గాజు తలుపుల అలమరా ఉంటేనే ఈ సేకరణ మొదలుపెట్టండి. ఇక్కడ తెరిచిన అరలో పెడితే దుమ్ముతో పాటు బల్లి రెట్టలు పడతాయి, నోరు తెరిచి ఉన్న బొమ్మల్లో కందిరీగలు మట్టిగూళ్లు కడతాయి. ఎండిన మట్టిని పుల్లతో పొడిస్తే పళ్లు ఊడతాయి, తడిగుడ్డ అరగంట పెట్టి నానబెట్టాక బ్రష్‌తో తీయాలి. మరీ మూసేసినా ఇబ్బందే. పీవీసీ ఊరే ఆవిరి బయటికి పోక బొమ్మ జిగటగా తయారవుతుంది. వారానికి ఒకసారి పొడిగా ఉన్న మధ్యాహ్నం తలుపులు గంటసేపు తీయాలి. ఒక్కో అరకు 100 గ్రాముల సిలికా జెల్ పెట్టి, చిన్న తేమమాపకం ఒకటి ఉంచండి. ముల్లు 60 శాతం దాటితే జెల్ రంగు మారిందేమో చూడాలి. నీలంరంగు జెల్‌లో కోబాల్ట్ ఉంటుంది కాబట్టి వంటపాత్రల్లో వేడిచేయకూడదు. పడమటి కిటికీకి ఎదురుగా అలమరా వద్దు, ఎరుపు, నారింజ రంగులు ముందు వెలిసిపోతాయి, తెల్లటి కొమ్ములు పసుపు తిరుగుతాయి.

జిగటగా మారిన బొమ్మను సబ్బునీళ్లతో కడిగితే కొన్ని నెలలు బాగుంటుంది. ఆ తర్వాత మళ్లీ ఊరుతుంది. దానికి శాశ్వతమైన మందు లేదు. దాచేటప్పుడు న్యూస్‌పేపర్ చుట్టకండి, అక్షరాలు బొమ్మ పొట్టమీదికి దిగుతాయి, మళ్లీ పోవు. పాత నూలు పంచె ముక్కలు అన్నిటికంటే మేలు.

రంగు పోయిన చోట దిద్దుకోవాలంటే నీళ్లలో కలిసే అక్రిలిక్ రంగే వాడాలి. ఎనామిల్ రంగు మెత్తటి పీవీసీ మీద ఏళ్లు గడిచినా ఆరదు, వేలిముద్రలు పడుతూనే ఉంటాయి. మెరుపు లేని వార్నిష్ పూత వేయాలనుకుంటే సంక్రాంతి ముందూ వెనకా వేయండి. వానాకాలంలో స్ప్రే కొడితే గాలిలోని తేమ పూతలో చిక్కుకుని బొమ్మంతా పాలపొరలా తెల్లబారుతుంది.

ఇక రాబోయే బొమ్మల ఫొటోలను ఎలా చదవాలో చెబుతాను. మొదట చూపించేది సాధారణంగా చేత్తో రంగు వేసిన నమూనా. ఫ్యాక్టరీలో ఒక్కొక్క రంగుకూ ఖర్చు ఉంటుంది కాబట్టి అచ్చులోంచి వచ్చే బొమ్మకు రంగులు తగ్గుతాయి, కంటి చుట్టూ నలుపు, గోళ్ల రంగు ముందు పోతాయి. చెక్కడం మాత్రం చాలావరకు అలాగే వస్తుంది. అందుకే రంగును నమ్మకుండా ఒళ్లు చూడండి. మాంసాహారి అరచేతులు చప్పట్లు కొడుతున్నట్టు ఎదురెదురుగా ఉన్నాయా? ఉంటే సరిగ్గా చేసినట్టే. సారోపాడ్ ముందు పాదంలో బొటనవేలికి తప్ప మిగతా వేళ్లకు గోళ్లు చెక్కారా? చెక్కితే ఏనుగు కాలు చూసి చేశారని అర్థం. స్పైనోసారస్ తోక విషయంలో 2020లో వచ్చిన పరిశోధన పాత బొమ్మలన్నిటినీ ఒక్కసారిగా పాతబరిచింది, తెడ్డులాంటి తోక లేనిది ఇప్పుడు కొనడం అనవసరం. డంక్లియోస్టియస్ అనే పురాతన చేప పొడవును 2023లో నాలుగు మీటర్ల దగ్గరికి తగ్గించి లెక్కగట్టారు, స్కేలు, అంటే అసలు జంతువులో బొమ్మ ఎన్నో వంతు అన్న లెక్క, పట్టింపు ఉన్నవాళ్లు పాత పెద్ద బొమ్మలను పక్కన పెట్టేయవచ్చు.

స్కేలును అలమరాతో కలిపి లెక్కవేసుకోండి. చికాగో ఫీల్డ్ మ్యూజియంలోని 'సూ' టైరనోసారస్ అస్థిపంజరం 12.3 మీటర్లు. 1:40లో అది 31 సెంటీమీటర్లు, 1:35లో 35. ఆ తేడా చిన్నదే. 26 మీటర్ల డిప్లొడోకస్‌కు మాత్రం 1:40లో 65, 1:35లో 74 సెంటీమీటర్లు కావాలి. రెండడుగుల అర 61 సెంటీమీటర్లే, రెండిట్లో ఏదీ తిన్నగా పట్టదు. తోక గోడకు ఆని కొస వంగిపోతుంది. హౌలాంగ్‌గుడ్ ఎక్కువగా 1:35లో చేస్తుంది, ఒక్కో జంతువును రెండు రంగుల్లో తెస్తుంది. ముదురు రంగుది తీసుకుంటే వెలిసినా తొందరగా బయటపడదు.

ధర దగ్గర ఆశ తగ్గించుకోవాల్సిందే. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. సుంకం బొమ్మ ధర మీదే కాదు, రవాణా, బీమా కలిపిన మొత్తం మీద. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి కావడంతో విదేశీ వరసలు దుకాణాల్లో బాగా తగ్గాయి. ముగ్గురు నలుగురు కలిసి తెప్పిస్తే రవాణా కలిసివస్తుంది కానీ పార్సిల్ పెద్దదయ్యేకొద్దీ కస్టమ్స్‌లో ఆగే అవకాశమూ పెరుగుతుంది. ఒక్కో పార్సిల్‌లో రెండు బొమ్మలు మించకపోవడం మేలు.

కొత్త ప్రకటన వచ్చినప్పుడల్లా నా కళ్లు వెతికేది గోదావరి లోయ జంతువులనే. ప్రాణహిత, గోదావరి కలిసే సిరొంచ ప్రాంతంలో 'కోట' అని పిలిచే శిలాపొరల్లో దొరికి, 1975లో పేరు పొందిన బారాపాసారస్ అనే సారోపాడ్ ఉంది. అవే పొరల్లో యామన్‌పల్లి దగ్గర దొరికిన మరో సారోపాడ్ కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. రెండూ నాలుగు కాళ్లవి, రెండూ మరీ పెద్దవి కావు. సుమారు 14 మీటర్ల బారాపాసారస్ 1:40లో 35 సెంటీమీటర్లు, 9 మీటర్ల కోటాసారస్ ఇరవై రెండున్నర. డెల్టా ఎండకు, రెండడుగుల అరకు ఇంతకంటే సరిపోయే జంతువులు లేవు. గట్టిపోతతో, వేళ్లూ గోళ్లూ సరిగ్గా చెక్కి ఏ మంచి సంస్థ తెచ్చినా ఒకటికి రెండు తీసుకుంటాను.

ఏది బుక్ చేసినా బొమ్మ ఇంటికి చేరే నెల చూసుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వచ్చేట్టు ఆర్డరు పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో కొరియర్ వాళ్ల రేకుల షెడ్డులో రెండు మధ్యాహ్నాలు ఉంటే డబ్బాలోని ప్లాస్టిక్ తొడుగులో బిగించిన కాలు ఆ వంపులోనే ఉండిపోతుంది. అప్పుడు తప్పనిసరై వస్తే డబ్బా విప్పి, బొమ్మను నిలబెట్టకుండా ఒక రోజు పక్కకు పడుకోబెట్టి, ఆ తర్వాతే కాళ్లు సరిచూడండి.