విండోసా, లినక్సా: గేమింగ్ పీసీకి ఏది?

ఖర్చు: విండోస్‌కి లైసెన్స్ కొనాలి. లినక్స్ ఉచితం.

గేమ్స్: అసలు పేచీ ఇక్కడే. 2018లో వాల్వ్ కంపెనీ ప్రోటాన్ (విండోస్ గేమ్స్‌ని లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) తెచ్చాక, ఆ కంపెనీ గేమ్ స్టోర్ స్టీమ్‌లోని విండోస్ గేమ్స్ చాలావరకు లినక్స్‌లోనూ నడుస్తున్నాయి. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ మాత్రం ససేమిరా అంటాయి. ఫ్రెండ్సంతా లాబీలో ఎదురుచూస్తుంటే మీరు ఎర్రర్ మెసేజ్ చదువుకుంటూ కూర్చోవాలి.

శ్రమ: విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసి ఆడుకోవడమే. లినక్స్‌లో అప్పుడప్పుడు ప్రోటాన్ వెర్షన్ మార్చి చూడాలి. నాకైతే అదీ సరదానే!

రోజువారీ పని: బ్రౌజింగ్‌కి ఏదైనా ఒకటే. ఫోటోషాప్ కావాలంటే విండోసే.

రిస్క్: విండోస్ 10 సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) లేని పీసీలో విండోస్ 11కి అధికారికంగా చోటు లేదు.

ఆన్‌లైన్ పోటీ గేమ్సే ప్రాణమైతే విండోస్. ఒంటరిగా ఆడేవాళ్లకి, పాత పీసీకి లినక్స్. ఎటూ తేలకపోతే రెండు ఎస్‌ఎస్‌డీల్లో రెండూ పెట్టుకోండి.